అచ్చు మీద నిలిచే నీళ్లు

భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టా ఇంకా ఎర్రగా కాలుతుండగానే దాని నడుం మీద అక్షరాలు పడిపోతాయి. పట్టాను ఒత్తే రోలరు మీద ఆ అక్షరాలు లోతుగా చెక్కి ఉంటాయి. మెత్తబడిన ఉక్కు ఆ గుంటల్లోకి చొచ్చుకుపోయి ఉబ్బెత్తు అక్షరాలుగా బయటికొస్తుంది. ఎవరు చేశారు, ఏ సంవత్సరంలో చేశారు అన్నది పట్టా ఉన్నన్నాళ్లూ దాని ఒంటి మీదే ఉంటుంది. అదే ఊళ్లో సెక్టార్ క్వార్టర్లలో, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో, ఉగాదికో పుట్టినరోజుకో రబ్బరు ముద్రలతో కార్డు చేయాలనుకునేవాళ్లకు కావలసిందీ అచ్చే. అక్కడ పని చేయించేది వేడి, ఇక్కడ నీళ్లు. ముద్ర మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడినుంచి జారిపోతాయి అన్నది పట్టుబడితే, తడికి పరుచుకునే నీటి క్రేయాన్లతో ముద్ర అద్దే పని సగం వచ్చినట్టే.

బడిపిల్లల పెట్టెలోని మైనపు క్రేయాన్‌కీ నీటి క్రేయాన్‌కీ చూపులకు తేడా తెలియదు. కాగితం మీద గీసి తడివేలితో రుద్దండి. మామూలు క్రేయాన్ గీత చెక్కుచెదరదు. ఇది చెదిరి, పూతలా పరుచుకుంటుంది. మామూలు దాంట్లో ఉండేది పారఫిన్ మైనం. పొడుగాటి కార్బన్ గొలుసులు, నీటితో వాటికి పొత్తు కుదరదు. నీటి క్రేయాన్‌లో మైనంతో పాటు బంక, మైనాన్నీ నీటినీ కలిపే ఎమల్సిఫయర్లు, కొన్ని తయారీల్లో పాలీఇథిలీన్ గ్లైకాల్ ఉంటాయి. ఈ గ్లైకాల్ చేతికి మైనంలాగే తగులుతుంది గానీ దాని గొలుసులో ప్రతి రెండు కార్బన్ల తర్వాత ఒక ఆక్సిజన్ ఉంటుంది. ఆ ఆక్సిజన్లే నీటి అణువులను పట్టుకుంటాయి. మలబద్ధకానికి డాక్టర్లు రాసే ఒక పొడి మందు కూడా ఈ గ్లైకాలే. అక్కడా అది చేసే పని నీటిని పట్టి ఉంచడమే.

జెనీవాకు చెందిన కరాన్ దాష్ కంపెనీ 1952లో నియోకలర్ అనే మైనపు రంగులు తెచ్చింది. నీటికి లొంగే రెండో రకం వచ్చింది 1972లో. ఇప్పుడు చాలా కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. మన స్టేషనరీ దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఆయిల్ పాస్టెల్స్ మాత్రం ఈ పనికి రావు, వాటిలో నూనె ఉంటుంది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా కొనే ముందు తడివేలి పరీక్ష చేయండి.

ఇక ముద్ర. మామిడాకు చెక్కిన రబ్బరు ముద్ర మీద ఒక చుక్క నీళ్లు వేయండి. పరుచుకోదు, పూసలా గుండ్రంగా కూర్చుంటుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో గట్టిపరిచిన రబ్బరు కూడా మూలంలో కార్బన్, హైడ్రోజన్ గొలుసుల ముద్దే. నీటి అణువులు దాన్ని పట్టుకోవడం కన్నా ఒకదాన్నొకటి పట్టుకోవడానికే మొగ్గుతాయి. అందుకే బిళ్ల నీటిరంగును కుంచెతో నేరుగా ముద్ర మీద పూస్తే రంగు చుక్కలుగా విడిపోయి, కాగితం మీద ఆకు బదులు మచ్చలు పడతాయి. పారదర్శకంగా ఉండే పాలిమర్ ముద్రలు కొత్తలో ఇంకా సతాయిస్తాయి. పెన్సిల్ చెరిపే రబ్బరుతో పైపైన రుద్ది నునుపు తగ్గిస్తే కొంత నయం.

క్రేయాన్ ఇక్కడే తన పనితనం చూపిస్తుంది. పొడి ముద్ర మీద పొడి క్రేయాన్‌ను రుద్దండి. దాని మైనం వైపు రబ్బరును అంటుకుంటుంది, నీటిని కోరే వైపు నీటి కోసం ఎదురు చూస్తుంది. ఆకు మొదట్లో ముదురు ఆకుపచ్చ, కొసన పసుపు, ఈనె దగ్గర కాస్త ఎరుపు అంటూ మూడు రంగులూ ఒకే ముద్ర మీద పెట్టుకోవచ్చు, ఒకే రంగు స్యాహీ ప్యాడ్‌తో ఇది కుదరదు. తర్వాత ఇస్త్రీ బట్టల మీద చల్లే స్ప్రే సీసాతో ఒక అడుగు దూరం నుంచి ఒకటి రెండు సార్లు తుంపర కొట్టండి. ముద్రను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే చక్కగా కనబడుతుంది. క్రేయాన్ ఉన్న చోట తుంపర సన్నటి మెరుపు పొరగా పరుచుకుంటుంది, ఖాళీ రబ్బరు మీద విడివిడి చుక్కలుగానే ఉంటుంది. నాలుగైదు సెకన్లు ఆగి, ఊపకుండా నిటారుగా అద్దండి. నీళ్లెక్కువైతే చెక్కిన గుంటల్లో చేరి ఆకు ఈనెలు మునిగిపోతాయి. తీశాక మళ్లీ ఒక తుంపర కొట్టి పక్కన అద్దితే లేత నీడలాంటి రెండో ఆకు వస్తుంది. నాకైతే చాలాసార్లు మొదటిదాని కన్నా అదే బాగుంటుంది.

స్ప్రే లేనివాళ్లు ముద్ర మీద ‘హా’ అని ఊపిరి వదులుతారు. మన ఊపిరి దాదాపు 34 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో బయటికొస్తుంది. చల్లటి రబ్బరు తగలగానే ఆ తేమ మంచులా పడుతుంది. జనవరిలో ఈ కిటుకు భిలాయిలో భేషుగ్గా పనిచేస్తుంది. మే నెల మధ్యాహ్నం బల్ల మీద పెట్టిన ముద్రే 40 డిగ్రీలకు చేరితే ఎంత ఊదినా లాభం లేదు, తనకన్నా వేడిగా ఉన్న వస్తువు మీద ఊపిరిలోని తేమ చల్లబడి నీరవదు. ముద్రను ముందు కాసేపు చల్లటి చోట ఉంచాలి.

ఇంకో పద్ధతిలో గీతలు ముందు స్యాహీతో అద్ది, లోపల క్రేయాన్‌తో గీసి, తడి కుంచెతో పరుస్తారు. ఇక్కడ స్యాహీదే చిక్కు. ఆఫీసు స్టాంప్ ప్యాడ్‌లోని ఊదా స్యాహీ నీటిలో కరిగే రంగు. కుంచె తగలగానే అంచు దాటి పారిపోతుంది. ఇలాంటి కరిగే రంగుకూ పిగ్మెంటుకూ తేడా ఇదే: కరిగే రంగు అణువులు విడివిడిగా నీటిలో కలిసిపోతాయి, పిగ్మెంటు కరగదు, రేణువులుగా తేలుతుంది. క్రేయాన్ నీళ్లలో కరిగిందని అంటాం గానీ కరిగేది దాని జిగురే. గీతలకు నీటికి చెదరని మసి స్యాహీ కావాలి. పాత ఇండియన్ ఇంకుల్లో మసిని పట్టి ఉంచింది లక్క. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ చెట్ల మీద పురుగులు పెట్టే లక్కను బోరాక్స్ నీళ్లలో కరిగించి మసి కలిపితే, ఆరాక అది మళ్లీ నీటికి అంత తేలిగ్గా లొంగదు. మరో దారి ఎంబాసింగ్ పొడి. తడి స్యాహీ మీద చల్లి, హీట్ గన్‌తో కరిగిస్తే గీత ఉబ్బెత్తు ప్లాస్టిక్ గట్టుగా మారుతుంది, నీటిరంగు ఆ గట్టు దాటదు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో ప్రయత్నించకండి. పొడి కరగదు సరికదా, గదంతా ఎగురుతుంది.

రంగు పాకకుండా ఆపడమనే ఈ తలనొప్పిని తెలుగువాళ్లు ఏనాడో ఎదుర్కొన్నారు. కృష్ణా జిల్లా పెడనలో మచిలీపట్నం కలంకారీ అద్దకందార్లు చెక్క అచ్చులు అద్దే ముందు గుడ్డను కరక్కాయ, గేదె పాలలో ముంచుతారు. పాలలోని కొవ్వు ద్రవాన్ని పోగుల వెంట పాకనివ్వదు. పటికనీళ్లను అద్దేటప్పుడు బంక కలిపి చిక్కబరుస్తారు. నల్లరంగుకు తుప్పుపట్టిన ఇనుమును బెల్లంనీళ్లలో పులియబెడతారు, అందులోని ఇనుము కరక్కాయ టానిన్‌తో కలిసి నలుపవుతుంది. కార్డుకు వాడే కాగితంలో పాల పని ‘సైజింగ్’ చేస్తుంది, గంజి పెట్టిన చీర నీటిని వెంటనే పీల్చనట్టే. పలచటి జిరాక్స్ కాగితం తడికి ముడతలు పడుతుంది. చదరపు మీటరుకు 300 గ్రాముల నీటిరంగు కాగితం తీసుకోండి.

భిలాయి ఎండాకాలం ఇంకో పేచీ పెడుతుంది. పూత నిమిషంలో ఆరిపోయి చుట్టూ ముదురు అంచు మిగులుతుంది. కాఫీ చుక్క ఆరినప్పుడు వలయం ఎందుకు మిగులుతుందో 1997లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో వివరించారు. చుక్క అంచు కాగితానికి అతుక్కుని కదలదు, అక్కడ నీరు వేగంగా ఆవిరవుతుంది, ఆ లోటు తీర్చడానికి నడుమ నుంచి నీరు అంచుకు పారుతూ రేణువులను మోసుకెళ్లి అక్కడ పోగేస్తుంది. అంచు వద్దనుకుంటే పూత ఆరకముందే తుడిచిన కుంచెతో అంచు నీటిని పీల్చేయండి. కూలర్ నడిచే గదిలో తేమ ఎక్కువ గనక పని తేలిక, కాకపోతే బల్లను గాలికి ఎదురుగా వేయకండి.

ఇంతకీ ఆ రేణువులేమిటి? ఇటుకరంగు, గేరురంగు క్రేయాన్లలో ఉండేది ఐరన్ ఆక్సైడ్. దల్లీ రాజ్‌హరా గనుల నుంచి భిలాయి కొలిముల కోసం వచ్చే హెమటైట్ ఖనిజమూ రసాయనికంగా అదే. నల్లగా మెరిసే హెమటైట్ రాయిని గరుకు పింగాణీ పెంకు మీద గీస్తే గీత ఎర్రగా పడుతుంది. రేణువు సన్నబడితే ఎరుపు నారింజ వైపు, ముతకబడితే ఊదా వైపు మొగ్గుతుంది.

నీలం కథ ఇంకా తమాషా. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే తారులో నాఫ్తలీన్ ఉంటుంది, మన బీరువాల్లోని కలరా ఉండలు అవే. భిలాయి కోక్ ఓవెన్ల ఉపఉత్పత్తుల్లో అదీ ఒకటి. నాఫ్తలీన్‌ను గాలితో ఆక్సీకరణం చేస్తే థాలిక్ అన్‌హైడ్రైడ్ వస్తుంది. 1928లో స్కాట్లండ్‌లోని గ్రాంజ్‌మౌత్‌లో స్కాటిష్ డైస్ కంపెనీ దాన్నుంచి థాలిమైడ్ అనే తెల్లని పదార్థం చేస్తుంటే, పాత్ర గాజుపూత పగిలి లోపలి ఇనుము బయటపడింది. ఆ ఇనుముతో కలిసి ముదురు నీలం పదార్థం తయారైంది. లండన్‌లో రసాయన శాస్త్రవేత్త లిన్‌స్టెడ్ బృందం 1934లో దాని నిర్మాణం తేల్చింది. ఇనుము బదులు రాగి చేరితే వచ్చేదే థాలో నీలం, 1935లో బజారుకొచ్చింది. దానికి క్లోరిన్ ఎక్కిస్తే థాలో ఆకుపచ్చ. మంచి నీటి క్రేయాన్ పెట్టెల్లో నీలాలు, పచ్చలు ఎక్కువగా ఈ కుటుంబానివే. ఈ రోజుల్లో థాలిక్ అన్‌హైడ్రైడ్ ఎక్కువగా పెట్రోలియం నుంచి వస్తోంది గానీ, ఒకప్పుడు ఉక్కు ఊళ్ల తారే దానికి పుట్టిల్లు.

ఐరన్ ఆక్సైడ్, థాలో రంగులు ఎండకు ఏళ్ల తరబడి తట్టుకుంటాయి. మెరిసిపోయే గులాబీ, నియాన్ రంగులు చాలా వరకు తట్టుకోవు. మీ పెట్టెలోని ప్రతి రంగుతో ఒక కాగితం పట్టీ మీద గీసి, తడి కుంచెతో పరిచి ఆరనివ్వండి. పట్టీలో సగాన్ని మందపాటి అట్టతో మూసి, పడమటి కిటికీ అద్దానికి అంటించి వేసవి నెల రోజులు వదిలేయండి. తర్వాత అట్ట తీసి రెండు సగాలనూ పోల్చండి. తేడా కనిపించిన రంగులను కవర్లో పెట్టి పంపే కార్డులకు ఉంచుకుని, ఫ్రేము కట్టించి గోడకు తగిలించే వాటికి మాత్రం వాడకండి.