పీఠములు, సోపానములు: దేశదేశముల ఆచార్యపదవులు

విశ్వవిద్యాలయములలో బోధించువారి హోదాలను దేశదేశములందు పోల్చిచూచినవారికి, కొలువు స్థిరపడువఱకు నిరీక్షించు భారమును ఎవరి నెత్తిన మోపవలెనను ప్రశ్నకు ఒక్కొక్క దేశము ఒక్కొక్క తీరున సమాధానము చెప్పుకొన్నదని తోచకపోదు.

జర్మనీలో ప్రొఫెసరు పదవి యొక పీఠము. అది ఖాళీయైననే గాని ఎంతటి పండితుడైనను అందు కూర్చుండజాలడు. డాక్టరేటు పిమ్మట హాబిలిటాట్సియోన్ అను పరీక్షకు మఱియొక గ్రంథమును సమర్పించి, విద్వత్సభ యెదుట ఉపన్యసించి నెగ్గినవానికి ప్రివాట్ డోట్సెంట్ అను హోదా లభించును. జీతము మాత్రము లభింపదు. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1755లో కోనిగ్స్‌బెర్గున ఈ హోదాతో బోధన ప్రారంభించి, విద్యార్థులు చెల్లించు రుసుముపైననే ప్రధానముగ ఆధారపడి, 1770లో తర్క తత్త్వమీమాంసల పీఠము దక్కువఱకు పదునైదేండ్లు వేచియుండెను. శ్రోతలు పలుచబడిన పొయ్యియు చల్లబడునన్నమాట! అదే సంప్రదాయమున్న స్విట్జర్లాండులో, సాపేక్షతా సిద్ధాంతము అచ్చయి రెండేండ్లు గడచినను, ఐన్‌స్టీన్ 1907లో బెర్ను విశ్వవిద్యాలయమున పెట్టుకొన్న దరఖాస్తు, నియమానుసారము ప్రత్యేకగ్రంథమును జతపఱుపలేదను కారణమున త్రోసివేయబడెను. మఱుసటి యేడు అర్హత లభించినను, పేటెంటు కార్యాలయపు కొలువును విడువకయే ఆయన పాఠములు చెప్పవలసివచ్చెను. జర్మనీలో 2002లో జూనియర్ ప్రొఫెసరు పదవిని కల్పించి ఈ కష్టమును కొంత తగ్గింపజూచిరి. ఆశ్రితపక్షపాతమునకు వెఱచి, తనయొద్ద పనిచేయుచున్నవానికే పీఠమిచ్చుటకు విశ్వవిద్యాలయము సాధారణముగ సమ్మతింపని ఆచారము మాత్రము నేటికిని కలదు.

అమెరికాలో పీఠము ఖాళీయగువఱకు కాచుకొననక్కఱలేదు. అసిస్టెంటు ప్రొఫెసరుగ చేరినవాడు తన కృషిచేతనే పైమెట్టు నెక్కవచ్చును. అయితే పరీక్షాకాలము ఏడేండ్లు మించరాదని అచటి ఆచార్యసంఘము 1940లో ప్రకటించిన సూత్రము వలన, గడువులోపల శాశ్వతత్వము సంపాదింపనివాడు మూటాముల్లె సర్దుకొనవలసినదే. ఇంగ్లండులో లెక్చరరు, సీనియరు లెక్చరరు, రీడరు, ప్రొఫెసరు అను వరుసయందు మొదటి మెట్టుననే కొలువు చాలవఱకు స్థిరపడును గనుక, ప్రొఫెసరు కాకయే గౌరవముగ విరమించినవారు అసంఖ్యాకులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షపదవి నుండి 1936లో ఆక్స్‌ఫర్డు స్పాల్డింగు పీఠమునకు వెడలిన రాధాకృష్ణపండితుడు అలంకరించినది అట్టి అరుదైన శిఖరము.

మనదేశమున ఇంగ్లండు వరుస చిరకాలము చెల్లి, 2010 నాటి యు.జి.సి. నిబంధనలతో అమెరికా పేర్లు స్థిరపడెను. ఖాళీ లేకున్నను అర్హునికి పదోన్నతి నిచ్చుచున్నారు. కాని ఆ యున్నతి వ్యక్తిగతమే యగుటచే, అతడు విరమించిననాడు ఆ కొలువు తిరిగి తొలిమెట్టునకే దిగివచ్చును. ఇక గంటల లెక్కన పాఠములు చెప్పు గెస్టు అధ్యాపకులకు ఈ వరుసలో తావే లేదు. తరగతి బరువు మాత్రము వారికిని తప్పదు.