కోతకు తగిన పదును: కొడవలి నుంచి అంటు కత్తి వరకు

వరి కోసే కక్కు కొడవలిని, నర్సరీలో వాడే అంటు కత్తిని పక్కపక్కన ఉంచి, వీటిలో ఏది పదునైనదని అడిగితే సూటి సమాధానం దొరకదు. కక్కు కొడవలితో సయాన్ పుల్లను కోస్తే కోత ముఖం పీచులు పీచులుగా చీలుతుంది. అద్దంలా నునుపు చేసిన కత్తితో వరి దుబ్బు కోస్తే కొంతసేపటికే అంచు జారడం మొదలవుతుంది. రైతు శిక్షణల్లో మనం సాధారణంగా "పదునైన కత్తిని వాడండి" అని చెప్పి ముగిస్తాం. ఏ ఉక్కు, ఎలాంటి అంచు అన్నది చెప్పనంతవరకు ఆ సలహా అసంపూర్ణమే.

ఉక్కు స్వభావం

పదును నిలవాలంటే అంచు గట్టిగా ఉండాలి. పెళ్లలుగా ఊడకుండా ఉండాలంటే దానికి కొంత సాగే గుణమూ కావాలి. ఒకటి పెరిగితే రెండవది తగ్గడం ఉక్కు స్వభావం. కర్బనం 0.25 శాతానికి లోపు ఉన్న మెత్తని ఉక్కును ఎంత కాల్చి ముంచినా కత్తికి చాలినంతగా గట్టిపడదు. లారీ కమాన్ కట్టల ఉక్కులో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం వరకు ఉంటుంది. కమ్మరులు కొడవళ్లకు ఈ పాత కట్టలను ఏరుకోవడంలోని విజ్ఞత ఇదే.

ఈ ఉక్కు అయస్కాంతానికి అంటుకోని స్థితి దాటేవరకు, అంటే సుమారు 770 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చి నూనెలో చల్లారిస్తే గట్టిపడుతుంది గాని పెళుసుబారుతుంది. అందువల్ల తిరిగి 200 నుంచి 300 డిగ్రీల వరకు వేడిచేస్తారు. దీనినే టెంపరింగ్ అంటారు. శుభ్రమైన ఉక్కుపై లేత గడ్డి రంగు కనిపిస్తే వేడి 200 డిగ్రీలు దాటిందని, నీలి రంగు తేలితే 300 డిగ్రీలకు చేరిందని గుర్తు. నీరు వాడకుండా కరెంటు సానచక్రంపై పట్టినప్పుడు అంచు నీలిరంగుకు తిరిగితే, అంతకంటే తక్కువ వేడిలో టెంపర్ చేసిన కత్తి ఆ చోట మెత్తబడినట్లే. ఆ తరువాత ఎంత సానపట్టినా అక్కడ పదును ఎక్కువసేపు నిలవదు.

అంచు తీరు

వరి గడ్డిలో సిలికా అధికం. అది సన్నని రాపిడి పొడిలా పనిచేసి నున్నని అంచును త్వరగా అరగదీస్తుంది. కక్కు కొడవలిలో పళ్లు దుబ్బును జారకుండా పట్టి ఉంచుతాయి. బలం కొద్ది బిందువులపై కేంద్రీకృతమవుతుంది. పళ్ల మొనలు కొంత అరిగినా వాటి మధ్య లోతుల్లోని అంచు కోస్తూనే ఉంటుంది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన నవీన్ కొడవలి ఈ కోవకు చెందినదే. ఇది లాగి కోసే పనిముట్టు. నున్నని కొడవలిలా విసిరి కొట్టవలసిన అవసరం లేదు.

కూరగాయల కత్తిలోనూ ఇదే సూత్రం చిన్న పరిమాణంలో కనిపిస్తుంది. ముతక సానరాయి వదిలిన గీతలు అంచున సూక్ష్మమైన పళ్లుగా నిలుస్తాయి. టమాటా తొక్క, పీచు కాడలు వంటివాటిని లాగి కోయడానికి అవి అనుకూలం.

అంటు కట్టడంలో పరిస్థితి భిన్నం. వేరుమూలం, సయాన్ పుల్లల కాంబియం పొరలు ఖాళీ లేకుండా కలవాలి. ఇక్కడ సన్నని రాయిపై నునుపు చేసి, తోలుపై రుద్దిన అంచు అవసరం. ఒకవైపే వాలు ఉన్న కత్తి రెండవ వైపు చదునుగా ఉండటం వలన సమతలమైన కోతనిస్తుంది. సానపట్టినప్పుడు ఆవలి వైపు లేచే సన్నని లోహపు రేకును తొలగించకపోతే కత్తి వేలికి పదునుగానే తోస్తుంది, కాని కొద్ది కోతలకే రేకు మడతపడి కణజాలాన్ని చీలుస్తుంది. అంటు విఫలమైనప్పుడు పుల్లను, వాతావరణాన్ని తప్పుపడతాం. కత్తి అంచును పరిశీలించడం అరుదు.

శుభ్రత, ఉక్కు ఎంపిక

నిమ్మజాతి మొక్కల్లో ఎక్సోకార్టిస్ వైరాయిడ్ కత్తులు, కత్తెరల ద్వారా వ్యాపిస్తుంది. దీనిపై ఆల్కహాల్ చాలదు, సోడియం హైపోక్లోరైట్ ద్రావణం అవసరం. అయితే ఆ ద్రావణం కర్బన ఉక్కును తుప్పు పట్టించి సన్నని అంచును తినివేస్తుంది. కనుక బత్తాయి, నిమ్మ నర్సరీల్లో క్రోమియం 12 శాతానికి పైగా ఉండి, సరిగా గట్టిపరచిన స్టెయిన్‌లెస్ ఉక్కు కత్తి మేలు. అయినా ద్రావణంలో నానబెట్టి వదలకూడదు. కర్బన ఉక్కునే వాడితే ముంచిన వెంటనే కడిగి, తుడిచి, పని ముగిశాక నూనె రాయాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు క్షేత్ర ప్రదర్శనల్లో ఒకే మడిలో ఒకే కూలీ చేత రెండు రకాల కొడవళ్లతో కోయించి, మళ్లీ సానపట్టవలసి వచ్చేలోగా ఎన్ని వరుసలు సాగాయో లెక్కించవచ్చు. నర్సరీలో విద్యార్థులు కోత ముఖాన్ని భూతద్దంతో చూసి నమోదు చేయవచ్చు. ఈ రెండింటికీ ఖర్చు స్వల్పం. మణికట్టు నొప్పితో సాయంత్రం ఇల్లు చేరే కూలీకి, అంటులు ఎండి నష్టపోయే నర్సరీ రైతుకు మాత్రం సరైన అంచు వలన కలిగే మేలు స్వల్పం కాదు.