కాంతిని సరిదిద్దే వడపోత

తలవెంట్రుకంత సన్నని గాజుపోగులో సమాచారం కాంతి స్పందనలుగా పయనిస్తుంది. ప్రతి స్పందనలోనూ స్వల్పభేదం గల తరంగదైర్ఘ్యాలు కలిసి ఉంటాయి. గాజులో అవన్నీ ఒకే వేగంతో సాగవు. కలిసి బయలుదేరిన యాత్రికులలో కొందరు ముందు, కొందరు వెనుక చేరినట్లు, స్పందన చెదిరి పక్కదానిపై పడుతుంది. సెకనుకు 1,000 కోట్ల స్పందనలు పంపితే ఒక్కొక్కదానికి దక్కే వ్యవధి 100 పికోసెకన్లు మాత్రమే. వేగాన్ని 4 రెట్లు పెంచితే ఈ చెదరుబాటును ఓర్చుకొనే శక్తి 16వ వంతుకు పడిపోతుంది. వేగానికి చెల్లించే మూల్యం ఇంత!

హంస పాలను, నీటిని వేరుచేస్తుందని కవుల మాట. ఇక్కడ చిక్కు అంతకంటె జటిలం. పాలలో పాలే కలిసిపోయాయి. పైగా ఎండవేడిమికి, నేల కంపనాలకు పోగులోని కాంతి ధ్రువణస్థితి మారుతూనే ఉంటుంది. కనుక ఒకసారి అమర్చి విడిచిన వడపోత చాలదు. పరిస్థితిని బట్టి తనను తాను మార్చుకొనే వడపోత గ్రాహకానికి అవసరమైంది. అందులో కాంతిని అసమానమైన పొడవుగల దారులలోకి చీల్చి మళ్ళీ కలుపుతారు. అందువలన ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికి ఒక్కొక్క జాగు కలుగుతుంది. దారులపైనున్న సూక్ష్మ తాపకాలు వేడెక్కితే గాజు వక్రీభవన గుణకం మారి, ఆ జాగు కూడ మారుతుంది. గ్రాహకం తాను చదివిన సంకేతంలోని దోషాన్ని కొలిచి, తాపకాలకు తిరిగి ఆజ్ఞ పంపుతుంది. దోషం తగ్గేవరకు ఈ దిద్దుబాటు ఆగదు.

2010 దశకంలో దూరమార్గాల గ్రాహకాలలో ఈ పనిలో అధికభాగాన్ని డిజిటల్ చిప్‌లు చేపట్టాయి. కాంతిని విద్యుత్తుగా మార్చిన పిమ్మట, అవి అదే దిద్దుబాటును గణితంతో చేస్తాయి.