క్యూసెక్కులు, లీటర్లు, ఇంచులు: నీటి ప్రవాహమును లెక్కించు విధము



నస్పూరుకు ఎగువన గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము కలదు. దాని నిలువను టి.ఎం.సి.లలో చెప్పుదురు. గేట్లు ఎత్తినప్పుడు వదలు నీటిని క్యూసెక్కులలో ప్రకటింతురు. బోరు వేయువారు “రెండు ఇంచుల నీళ్లు పడినవి” అందురు. మోటారు రేకుపై సెకనుకు ఇన్ని లీటర్లు అనియో, గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అనియో వ్రాసియుండును. పాతవారు గ్యాలన్లు చెప్పుదురు. 1956లో తూనికలు, కొలతల చట్టము వచ్చి లీటరు, మీటరు వాడుకలోనికి వచ్చినను నీటి లెక్కలలో పాత కొలతలు పోలేదు. వీనిని ఒకదానినుండి మరొకదానికి మార్చుట తెలిసినచో మోటారు కొనునప్పుడు మోసపోరు. వంతు నీటిలో తగవు పడరు.

నిలువ వేరు, ప్రవాహము వేరు

టి.ఎం.సి. అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. ఇది నిలువ కొలత. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు. ఇది ప్రవాహపు కొలత. ధాన్యపు గాదె ఎంత పట్టునో చెప్పుట మొదటిది. గంటకు ఎన్ని బస్తాలు వచ్చి పడుచున్నవో చెప్పుట రెండవది. 11,574 క్యూసెక్కులు ఒక పగలు, ఒక రాత్రి ఎడతెగక పారినచో 1 టి.ఎం.సి. అగును.

ఈ లెక్క ప్రాణములకు సంబంధించినది కూడ. కడెం జలాశయపు నిలువ సుమారు 7.6 టి.ఎం.సి. 2022 జూలైలో దానికి వచ్చిన వరద 5 లక్షల క్యూసెక్కులు దాటినది. 5 లక్షలను గంటకుగల 3,600 సెకనులతో హెచ్చించినచో 180 కోట్ల ఘనపుటడుగులు, అనగా గంటకు 1.8 టి.ఎం.సి. జలాశయము పూర్తిగా ఖాళీగా ఉన్నను నాలుగు గంటల కొద్ది సేపటికే నిండిపోవును. గోదావరి ఒడ్డున మోటార్లు పెట్టుకొన్నవారు గేట్ల ప్రకటన వినిన వెంటనే ఏల కదలవలెనో దీనివలన తెలియును.

గుర్తుంచుకొనవలసిన అంకెలు

1 క్యూసెక్కు = సెకనుకు 28.3 లీటర్లు
1 క్యూసెక్కు = గంటకు సుమారు 102 ఘనపు మీటర్లు
సెకనుకు 1 ఘనపు మీటరు = 35.3 క్యూసెక్కులు
సెకనుకు 1 లీటరు = నిమిషమునకు 60 లీటర్లు = గంటకు 3,600 లీటర్లు
1 ఘనపు మీటరు = 1,000 లీటర్లు
1 గ్యాలను (మన పాత గ్యాలను) = 4.55 లీటర్లు; అమెరికా గ్యాలను 3.79 లీటర్లు మాత్రమే

ఒక మోటారుపై నిమిషమునకు 300 లీటర్లు అనియు, రెండవదానిపై గంటకు 18 ఘనపు మీటర్లు అనియు, మూడవదానిపై సెకనుకు 5 లీటర్లు అనియు ఉన్నదనుకొందము. అంకె పెద్దదని మొదటిదానికి ఎక్కువ ధర ఇయ్యరాదు. మూడును పోయు నీరు ఒక్కటే. అయితే ఆ అంకె ఎంత ఎత్తునకు చెప్పినదో తప్పక అడుగవలెను. నీటిమట్టము లోతునకు పోయినకొలది అదే మోటారు తక్కువ నీరు పోయును.

మీ బోరును మీరే కొలువుడు

200 లీటర్ల డ్రమ్మును పైపు క్రింద ఉంచి, నిండుటకు పట్టిన సెకనులను గడియారముతో చూడుడు. 40 సెకనులలో నిండినచో, 200ను 40తో భాగింపగా సెకనుకు 5 లీటర్లు. గంటకు 18,000 లీటర్లు. మూడుసార్లు కొలిచి సగటు తీయుట మేలు. యాసంగిలో నెలకొకసారి కొలిచి వ్రాసి ఉంచినచో బోరు ఎప్పుడు తగ్గుచున్నదో ముందే తెలిసి, వరి విస్తీర్ణమును, ఆరుతడి పైరులను నిర్ణయించుకొనవచ్చును.

ఇంచు ప్రవాహపు కొలత కాదు

ఇంచులు పైపు వెడల్పును గాని, గాడి రేకుమీదుగా పొర్లు నీటి ఎత్తును గాని తెలుపును. పైపు నిండుగా ఒకే వేగముతో పారినను, 2 ఇంచుల పైపుకన్న 4 ఇంచుల పైపు రెండింతలు కాదు, నాలుగింతల నీరిచ్చును. లంబకోణపు ‘వి’ గాడి రేకుపై తేడా ఇంకను ఎక్కువ. గాడి అడుగునుండి నీరు 2 ఇంచులు నిలిచినచో సెకనుకు సుమారు 0.8 లీటరు, 4 ఇంచులు నిలిచినచో సుమారు 4.5 లీటర్లు. కావున ఇంచుల మాట నమ్మి మోటారు కొనక, లీటర్లలో కొలిపించి కొనుడు.

కాలువ నీటి కొలత

తిన్నగా పారు చోట 30 అడుగులు కొలిచి, ఒక ఎండు పుల్లను వదలుడు. అది 24 సెకనులలో దాటినచో పైనీటి వేగము సెకనుకు 1.25 అడుగులు. అడుగున, ప్రక్కల నీరు మెల్లగా నడచును గనుక దీనిని 0.8తో హెచ్చింపవలెను, సగటు వేగము 1 అడుగు అగును. కాలువ వెడల్పు 2 అడుగులు, లోతు అర అడుగు అయినచో, 2 × 0.5 × 1 = 1 క్యూసెక్కు.

మడికి ఎన్ని గంటలు?

1 క్యూసెక్కు ఒక గంట పారినచో ఎకరమునకు దాదాపు 1 ఇంచు నీరు నిలుచును. 2 ఇంచులకు రెండు గంటలు. సెకనుకు 5 లీటర్లు పోయు బోరుతో లెక్క వేరు. ఎకరమున 5 సెంటీమీటర్లు నిలుపుటకు సుమారు 2,02,000 లీటర్లు కావలెను. అనగా 11 గంటల పైచిలుకు. గుంటకు సుమారు 17 నిమిషములు. భూమిలోనికి ఇంకునది, దారిలో పోవునది దీనికి అదనము.

ఒకే బావిని పంచుకొను అన్నదమ్ములు వంతులను గంటలతో మాత్రమే పంచుకొందురు. ప్రాతఃకాలమున మట్టము నిండుగా ఉండి సెకనుకు 5 లీటర్లు వచ్చి, సాయంకాలమునకు 3 లీటర్లకు తగ్గినచో, నాలుగేసి గంటల వంతులలో మొదటివానికి 72,000 లీటర్లు, రెండవవానికి 43,200 లీటర్లు మాత్రమే చేరును. గంటలు సమానము, నీరు సమానము కాదు. వంతులను వారమునకొకసారి మార్చుకొన్నను, కొలిచి లీటర్లతో పంచుకొన్నను తగవు ఉండదు.

ఒక డ్రమ్ము, ఒక గడియారము, ఒక పుల్ల ఉన్న చాలును. ఈ యాసంగి నాట్లకు ముందే మీ నీటిని కొలిచి, ఆ నీటికి తగినంత మడినే దమ్ము చేయుడు.