గడగడమంటే ఇంజన్ పోయినట్టేనా?

మా దోస్తు ఒకడు మిత్తికి పైసలు తెచ్చి పాత డీజిల్ కారు కొన్నడు. 2011 మోడల్, టాక్సీ నంబరు బండి. ఎనిమిది నెలలు మంచిగనే నడిచింది. తర్వాత బండి నిలబడ్డప్పుడు గడగడ, బంద్ చేసినప్పుడు దడేల్‌మని కొట్టుడు మొదలైంది. జిల్లా కేంద్రంల ఓ షెడ్డుకు తీస్కపోతే బానెట్ లేపి ఐదు నిమిషాలు ఇన్నరు. "ఇంజన్ బోరుకొచ్చింది, లక్ష పైనే అయితది" అన్నరు. వాని కాడ లక్ష యాడిది? వచ్చిన కాడికి అమ్మేసిండు. మూడు నెలలకు అదే బండి బస్టాండ్ కాడ కనబడ్డది. సప్పుడే లేదు. డ్రైవర్‌ను అడిగితే "ఇంజన్ ముట్టనే లేదన్నా, ఫ్లైవీలు, క్లచ్ మార్చిన్రు, అంతే" అన్నడు. మావోడు ఆ మిత్తి ఇంకా కడుతనే ఉన్నడు.

గందుకే ఈ ముచ్చట రాస్తున్న. ఊర్లల్ల ఇప్పుడు మస్తుమంది పిల్లగాండ్లు పాత డీజిల్ కార్లు కొంటున్నరు. 2014 దాకా డీజిల్ ధర సర్కారు చేతిల ఉండె, పెట్రోల్ కంటె శానా అగ్గువ. అప్పుడు జనం ఎగబడి కొన్న బండ్లే ఇయ్యాల సెకండ్ హ్యాండ్‌ల తిరుగుతున్నయి. దానికి తోడు 2015ల గ్రీన్ ట్రిబ్యునల్, 2018ల సుప్రీంకోర్టు, ఢిల్లీ చుట్టుపక్కల 10 ఏండ్లు దాటిన డీజిల్ బండ్లు నడవొద్దన్నయి. అక్కడ నడవని బండి అగ్గువకు ఇటు దిక్కు వస్తది. కొనుడు అగ్గువే, బాగుచేసుడే పిరం.

ఇంతకూ ఫ్లైవీలు అంటే ఏంది? పాత రోజుల్ల బాయికాడ ఆయిల్ ఇంజన్ సూసినోళ్లకు చెప్పే పనే లేదు. ఇంజన్ పక్కన ఇనుప చక్రం, మనిషి లేపలేనంత బరువు. హ్యాండిల్ ఏసి తిప్పి తిప్పి వదిలితే దబ్ దబ్ మని అందుకునేది. ఆ చక్రమే ఫ్లైవీలు. కుమ్మరి సారె లెక్కనే. ఒక్కసారి ఊపు అందుకున్నదంటే నడుమ నడుమ తోసుడు ఆగినా అది తిరుగుతనే ఉంటది.

ఇంజన్‌కు ఇదెందుకంటే, దాని బలం నీళ్ల ధార లెక్క రాదు, రోకటి పోట్ల లెక్క వస్తది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌ల క్రాంకు ఒక్క చుట్టు తిరిగితే రెండు పోట్లు. నిలబడ్డప్పుడు నిమిషానికి 800 చుట్లు తిరుగుతదనుకో, 1600 పోట్లు. అంటే సెకనుకు 26, 27. డీజిల్‌ల గాలిని 16 నుంచి 18 వంతుల దాకా ఒత్తుతది, పెట్రోల్‌ల 10 వంతుల చుట్టుముట్టు. అందుకే డీజిల్ పోటు గట్టిది. ఆ అదురంతా గేర్‌బాక్సుకు పోతే పండ్లు కొట్టుకుంటయి.

పాత ఇండికాల ఉన్నది ఒకటే ఇనుప పలక. అది అరుగుతది, పగులుతది గానీ లోపల ఖరాబు కానీకి ఏం లేదు. తర్వాత వచ్చిన చాలా డీజిల్ కార్లల్ల రెండు పలకల ఫ్లైవీలు పెట్టిన్రు. స్కోడా, ఫోక్స్‌వాగన్ డీజిల్ బండ్లల్ల చాలా వాటికి, మహీంద్రా ఎక్స్‌యూవీ 500కు ఇదే ఉంటది. దీన్ని డ్యూయల్ మాస్ అంటరు. జర్మనీల లుక్ కంపెనీ 1985ల కార్లకు తయారుచేసుడు మొదలుపెట్టింది. ఒక పలక క్రాంకుకు బిగుస్తది, ఇంకోటి క్లచ్ దిక్కు ఉంటది. నడుమ వంపు తిరిగిన స్ప్రింగులు, గ్రీజు. ఇంజన్ పోటు కొట్టంగనే స్ప్రింగులు మింగుతయి, గేర్‌బాక్సుకు మెత్తగ పోతది. గుంతల బండి షాక్ అబ్జార్బర్ చేసే పనే, కాకపోతే ఇది తిరిగే దాంట్ల చేస్తది. ఏండ్లు గడిచి గ్రీజు బయటికొచ్చి, స్ప్రింగులు అలిసిపోయి, ఇరిగినా సరే, పలకలు రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటయి. అదే ఆ గడగడ.

ఇప్పుడు అసలు తిప్పలు చెప్త. గడగడమనేది అదొక్కటే కాదు. ఇంజన్ ఫౌండేషన్ రబ్బరు తెగినా బంద్ చేసినప్పుడు దడేల్‌మంటది. ఇంజెక్టర్ ఖరాబైనా ఇంజన్ కుంటుకుంటనే వణుకుతది. రిలీజ్ బేరింగు, గేర్‌బాక్సు బేరింగు, ఆఖరికి సైలెన్సర్ మీది రేకు లూజైనా సప్పుడు అట్లనే వస్తది. కాబట్టి అగ్గువది ముందు సూడాలె, పిరందాని కాడికి ఆఖర్ల పోవాలె. షెడ్డులల్ల తరచు దీనికి ఉల్టా అయితది.

బండి జెర సేపు నడిపి వేడి చెయ్యి. సాపు జాగల ఆపి, హ్యాండ్ బ్రేక్ ఏసి, నూట్రల్‌ల పెట్టి ఇను. ఇప్పుడు క్లచ్ మెల్లగ తొక్కు. తొక్కినప్పుడే సప్పుడు పుడితే రిలీజ్ బేరింగు మీద అనుమానం. తొక్కంగనే పూరాగ బంద్ అయితే గేర్‌బాక్సు దిక్కు. తొక్కినా సప్పుడు పోక, మారుకుంటనో తగ్గుకుంటనో ఉంటే ఫ్లైవీలు మీద అనుమానం. కానీ తమ్మీ, ఇదొక్కటే నమ్ముకొని పైసలు పెట్టకు. ఫ్లైవీలు అదురును మింగకపోతే గేర్‌బాక్సు పండ్లు కొట్టుకుంటయి, క్లచ్ తొక్కితే ఆ సప్పుడూ బంద్ అయితది. దోషం ఒక దగ్గర, సప్పుడు ఇంకో దగ్గర. ఇది ఆనవాలే, తీర్పు కాదు.

రెండోది, నీ దోస్తును స్టీరింగ్ కాడ కూసోబెట్టి నువ్వు బానెట్ లేపి పక్కకు నిలబడు. మెడల తువ్వాల ఉంటే తీసెయ్యి, చెల్లెండ్లు చున్నీ ముడేసుకోవాలె. బెల్టు, ఫ్యాను కాడికి చెయ్యి పెట్టొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు, బంద్ చేసినప్పుడు ఇంజన్ మొత్తం ఎగిరెగిరి పడుతున్నదంటే ముందు ఫౌండేషన్ రబ్బర్లు సూడు. అది చిన్న ఖర్చు. ఇంజన్ పెద్దగ కదలకుండ గేర్‌బాక్సు మూతి కాడికెల్లి ఇనుము ఇనుమును కొట్టినట్టు ఇనబడితే కథ వేరే.

మూడోది రోడ్డు మీద. ఖాళీ రోడ్డుల మూడో గేర్ల 1300, 1400 చుట్ల కాడికెల్లి ఎక్స్‌లేటర్ తొక్కు. బండి మొత్తం వణికి, స్పీడ్ అందుకున్నంక సాఫీగ పోతే ఫ్లైవీలుకు అది ఇంకో ఆనవాలు. చుట్లు పెరిగి స్పీడ్ పెరగకపోతే మాత్రం క్లచ్ ప్లేటు జారుతున్నట్టు.

ఇంజెక్టర్లను స్కానర్ పెట్టి సూడమను. ఏ సిలిండర్‌కు డీజిల్ ఎంత సవరిస్తున్నదో అండ్ల కనబడుతది. ఒకటి మిగిలినవాటికి ఎంతో దూరముంటే ముందు దాని సంగతి తేలాలె. కుంటే ఇంజన్ మంచి ఫ్లైవీలును గూడ గడగడలాడిస్తది. ఏండ్ల తరబడి కుంటితే దాన్ని నిజంగనే తింటది.

ఆఖరి రుజువు గేర్‌బాక్సు దింపితేనే. అప్పుడు నువ్వు అక్కడ ఉండాలె, ఇది మాత్రం ఇడిచిపెట్టకు. బయటి పలకను చేతితోని ఇటూ అటూ తిప్పి సూస్తరు. కొద్దిగ కదులుతది, కదలాలె గూడ, నడుమ స్ప్రింగులున్నయి కదా. "సూడన్నా, ఊగుతున్నది, పోయింది" అంటే ఒప్పుకోవద్దు. స్ప్రింగు తగిలేదాకా ఎంత తిరుగుతున్నది, ముందుకెనుకకు ఎంత వంగుతున్నది అని కొలవాలె. ఎంత దాకా పర్వాలేదనేది ఆ ఫ్లైవీలు తయారుచేసినోళ్లు ఇచ్చిన లెక్కల ఉంటది, ఒక్కో నంబరుకు ఒక్కో తీరు. గ్రీజు బయటికి చిమ్మిందా, పలక నీలం రంగుకు కాలిందా, పగుళ్లున్నయా, అవి కంటితోనే కనబడుతయి. పోన్ల ఫొటోలు తీస్కో.

మార్చాల్సే వస్తే గేర్‌బాక్సు ఎట్లనూ దింపిన్రు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు గూడ అప్పుడే సూపించు. క్రాంకు వెనుక ఆయిల్ సీలు కారుతున్నదేమో సూడమను. ఫ్లైవీలు బోల్టులు సాగే రకమైతే పాతవి మళ్ల బిగించొద్దు. పాత ఫ్లైవీలు నీకే ఇయ్యమను. కొందరు రెండు పలకలది తీసి ఒకటే పలకది ఏస్తమంటరు, అగ్గువ అయితదని. ఏస్తే నడుస్తది గానీ అదురంతా గేర్‌బాక్సు మీద పడుతది. నేనైతే కిరాయికి తిప్పే బండికి ఏపియ్య. "ఇప్పుడైతే నడుస్తున్నది కదా" అని ఇడిచిపెట్టుడు గూడ తప్పే. లోపల ఇరిగిన ముక్కలు క్లచ్ తొట్టిని, సెల్ఫ్ మోటర్‌ను తింటయి.

షెడ్డులోళ్లందర్నీ నేను తిడుతలేను. చిన్న షెడ్డుల చేతులు నల్లగ చేసుకొని బతికేటోళ్లకు కంపెనీల లెక్కల పుస్తకాలు దొరకవు, ఎవరు నేర్పరు. వాళ్లు సప్పుడు ఇని చెప్తరు, పదిల్ల ఆరు సార్లు కరెక్టే చెప్తరు. మిగిలిన నాలుగు సార్ల పైసలు మాత్రం మన జేబులకెల్లి పోతయి.

ఈ ఫ్లైవీలును జల్ది చంపేది మనమే అనేది గూడ చెప్పాలె. మైలేజ్ వస్తదని నాలుగో గేర్ల 30 స్పీడ్‌ల ఈడ్చుడు, క్లచ్ మీద కాలు పెట్టే నడుపుడు, ఎగుడుల సగం క్లచ్ మీద బండి ఆపుడు, పికప్ కోసం చిప్ ఏపిచ్చుడు. మా దోస్తు మొదటిది రోజూ చేసేటోడు.

మొన్న మా మండలంల ఓ తమ్ముడు వాట్సాప్‌ల సప్పుడు రికార్డు పంపి "అన్నా, ఫ్లైవీలేనా?" అని అడిగిండు. పోన్ల ఇని చెప్పరాదన్న. ఐతారం నాడు పోయి బానెట్ లేపి సూస్తే, సెల్ఫ్ కొట్టంగనే ఇంజన్ జానెడు ఎగిరింది. కుడి దిక్కు ఫౌండేషన్ రబ్బరు రెండు తునకలై ఉన్నది. మధ్యాహ్నానికి కొత్తది ఏసిన్రు, దడేల్‌మనేది పోయింది. జెరంత గడగడ ఇంకా ఉన్నది. వచ్చే వారం ఇంజెక్టర్లు సూపిస్తనన్నడు.