వార్తల్లో పదం: ఆర్‌.ఎఫ్‌.ఐ.డి.

జాతీయ రహదారులపై టోల్‌గేటు దాటు వాహనముల అద్దములకు అంటియుండు ఫాస్టాగును ఎఱుగనివారు నేడు అరుదు. కాని ఆ పలుచని బిళ్ల, ఎవరును ముట్టకయే, కొన్ని మీటర్ల దూరమునుండియే తన్ను తాను తెలుపుకొను విధానమునకు ఆర్‌.ఎఫ్‌.ఐ.డి., అనగా రేడియో తరంగములచే వస్తువును గుర్తించు పద్ధతి యని పేరు.

ఈ బిళ్లయందు బ్యాటరీ లేదు. మార్గముపైన ఎత్తుగా నిలిపిన రీడరు తన యాంటెనానుండి 865–867 మెగాహెర్ట్జుల తరంగములను ప్రసరింపజేయగా, బిళ్లలోని సూక్ష్మమైన చిప్పు ఆ తరంగశక్తినే గ్రహించి మేల్కాంచి, తన సంఖ్యను వాని ప్రతిఫలనమునందే ఇమిడ్చి మరలించును. పరావర్తిత శక్తిచే సందేశము నంపవచ్చునని హ్యారీ స్టాక్‌మన్‌ 1948లోనే ఒక వ్యాసమున ప్రతిపాదించియుండెను.

నేర్పంతయు రీడరు అమరికయందే యున్నది. యాంటెనాను ఎదురువచ్చు బండి అద్దమునకు అభిముఖముగా వంచవలెను. ప్రసారశక్తి తగ్గినచో బిళ్ల పలుకదు, హెచ్చినచో ప్రక్క వరుసలోని బండియు పలుకును. చుట్టుపట్లనున్న ఇనుప కట్టడములు తరంగములను త్రిప్పికొట్టి భ్రమ గొల్పును. కావుననే యంత్రమును నిలిపిన పిదప, బండ్లను నడిపించి చూచి, శక్తిని సరిదిద్దుట ఆవశ్యకము.

2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రినుండి ఫాస్టాగు తప్పనిసరియైనది. అది లేక నగదు చెల్లించువారికి నాడు రుసుమును రెట్టింపు చేసిరి. పాఠకులు బిళ్లను చేతబట్టి చూపుట మాని, బండి ముందు అద్దమునకు లోపలివైపున, వెనుకచూపు అద్దపు వెనుక అంటించుకొనుట మేలు.