వంటలక్కకు వీడ్కోలు: ముగింపు ఎవరి చేతిలో ఉంది?

ఒక కథ ముగిసినప్పుడు దాన్ని ప్రేమించినవాళ్లకు ఏం జరుగుతుంది? మన విమర్శ ఈ ప్రశ్నను అంతగా పట్టించుకోలేదు. ఎత్తుగడ గురించి, పాత్రచిత్రణ గురించి, శిల్పం గురించి చాలా రాసుకున్నాం. ముగింపు గురించి రాసినప్పుడు కూడా రచయిత పక్షాన నిలబడే రాశాం. ముగింపు సహజంగా ఉందా, కొసమెరుపు కుదిరిందా, దృక్పథం సరైనదేనా అని చూశాం. ఏళ్ల తరబడి ఒక కథను ఇంట్లో మనిషిలా చూసుకున్నవాళ్లు దాన్ని సాగనంపే రోజున ఏం కోల్పోతారో చూడలేదు.

ఈ ప్రశ్నకు ఇటీవలి కాలంలో తెలుగునాట అతి పెద్ద ఉదాహరణ ‘కార్తీకదీపం’ సీరియల్. 2017 అక్టోబరులో స్టార్ మా ఛానల్‌లో మొదలై 2023 జనవరిలో ముగిసింది. అయిదేళ్ల పైచిలుకు కాలం, పదిహేను వందలకు పైగా భాగాలు. మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. నాయిక దీపగా ప్రేమీ విశ్వనాథ్, డాక్టర్ కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల నటించారు. ప్రేక్షకులకు మాత్రం వాళ్లు వంటలక్క, డాక్టర్ బాబు. ఒక పాత్రకు జనం నోట మారుపేరు పుట్టి, అసలు పేరు వెనక్కి పోవడం సాహిత్యంలో కూడా అరుదుగా జరిగే విషయం.

సీరియల్ మీద సాహిత్య పత్రికలో వ్యాసమా అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ఒకనాడు వారపత్రికల్లో ధారావాహికలు చదివిన పాఠకలోకాన్ని కూడా మనం ఇలాగే పక్కకు నెట్టాం. ఆ పాఠకులు కథను వదలలేదు, మనల్నే వదిలారు. సీరియల్ వస్తువును ఎంత నిశితంగా విమర్శించినా, దాన్ని ప్రేమించిన మనుషుల్ని వెక్కిరించే హక్కు మనకు లేదు. వాళ్లు ప్రేమించింది దేన్ని అన్నది ముందుగా తెలుసుకోవాలి.

1

కథ క్లుప్తంగా ఇది. దీప నల్లని పిల్ల. ఆ రంగు కారణంగానే అవమానాలు పడుతూ పెరిగింది. డాక్టర్ ఆమెను ఇష్టపడి పెళ్లి చేసుకుంటాడు. అతన్ని కోరుకున్న మోనిత అనే మరో డాక్టర్, అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదని నమ్మిస్తుంది. గర్భవతి అయిన భార్యను అతను అనుమానిస్తాడు. దీప ఇల్లు వదిలి వంటను జీవనాధారం చేసుకుంటుంది. పుట్టిన కవలల్లో ఒక పిల్ల తల్లి దగ్గర, ఇంకొక పిల్ల తండ్రి దగ్గర పెరుగుతారు.

ఇది ఉత్తర రామాయణమని ఎవరూ చెప్పనక్కరలేదు. నిండు గర్భిణిని అనుమానంతో అడవికి పంపడం, కవలలు, తండ్రికీ బిడ్డకూ మధ్య తెలియని బంధం అన్నీ ఇందులో ఉన్నాయి. 1963లో వచ్చిన ‘లవకుశ’కు బండ్లు కట్టుకుని వెళ్లిన కుటుంబాల మనవరాళ్లే ఈ సీరియల్ ప్రేక్షకులు. తేడా ఒక్కటే. ఈ సీతకు ఆశ్రమం లేదు, వాల్మీకి లేడు. పొయ్యి ఉంది, గరిటె ఉంది, రెక్కల కష్టం ఉంది. దీప మీది ప్రేమకు ఆధారం ఆమె కన్నీళ్లని విమర్శకులు అనుకుంటారు. ఆమెకు జనం పెట్టుకున్న పేరు మాత్రం వేరే సంగతి చెబుతోంది. వాళ్లు ఆమెను ఏడుపుతో గుర్తుపెట్టుకోలేదు, చేసిన పనితో గుర్తుపెట్టుకున్నారు.

ఇక చూసే వేళ గురించి ఆలోచించాలి. మా ఏటూరునాగారం చుట్టుపక్కల మిరప చేలల్లో పొద్దంతా కాయ ఏరి, ఇంటికొచ్చి నీళ్లు మోసి, వంట చేసి ఒక స్త్రీ టీవీ ముందు కూర్చునే సమయం అది. ఆ అరగంటలో ఎవరూ ఆమెను అన్నం అడగరు, అడిగినా ‘ఆగు’ అనే అధికారం ఆమెకు ఉంటుంది. ఇంట్లో తన పేరున ఏ ఆస్తీ లేని మనిషికి ఆ అరగంట ఒక చిన్న సొంత జాగా. సీరియల్ అయిపోయినప్పుడు పోయేది పాత్రలు మాత్రమే కాదు, ఆ జాగా కూడా పోతుంది. మరునాడు అదే వేళకు ఇంకో సీరియల్ వస్తుంది నిజమే. కానీ ‘ఆగు’ అనడానికి కావలసిన ప్రేమ దానిమీద పుట్టాలంటే మళ్లీ కొన్ని నెలలు పడుతుంది. అభిమాని దుఃఖానికి ఉన్న ఈ భౌతిక పునాదిని చూడకుండా దాన్ని ‘సీరియల్ పిచ్చి’ అనడం శాస్త్రీయ విమర్శ అనిపించుకోదు.

2

మన సంప్రదాయ కళారూపాలన్నింటికీ వీడ్కోలు పద్ధతి ఒకటి ఉంది. యక్షగానం చివర మంగళం పాడతారు. పురాణం చివర ఫలశ్రుతి ఉంటుంది. ఇంతసేపు విన్నందుకు నీకేం దక్కిందో చెప్పి మరీ శ్రోతను ఇంటికి పంపుతారు. పాత సినిమా సైతం ‘శుభం’ అన్న మాట చూపించేది. వీటన్నింటిలో కథ చెప్పేవాడు శ్రోత పట్ల చూపిన మర్యాద ఉంది.

వీడ్కోలు గురించి ఈ ప్రాంతం నుంచి మాట్లాడేవారికి మేడారం గుర్తురాక తప్పదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరకు సారలమ్మ కన్నెపల్లి నుంచి, గోవిందరాజు మా మండలంలోని కొండాయి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తారు. నాలుగో రోజున వనప్రవేశం. గద్దెలు ఖాళీ అవుతాయి. ఆ ఎడబాటును జనం తట్టుకోగలగడానికి కారణం ఉంది. వెళ్లే రోజు ముందే తెలుసు, మళ్లీ వచ్చే రోజూ తెలుసు. వీడ్కోలు కూడా జాతరలో భాగమే.

టీవీ సీరియల్‌కు ఇలాంటి రూపం ఎందుకు లేదు? దాని ఉత్పత్తి విధానంలోనే జవాబు ఉంది. కొన్ని ఇళ్లను నమూనాగా ఎంచుకుని, అక్కడి టీవీలకు మీటర్లు పెట్టి, ఎవరు ఏది చూశారో బార్క్ సంస్థ వారం వారం లెక్క ఇస్తుంది. ఆ అంకెలను బట్టి ప్రకటనల ధర, ప్రకటనలను బట్టి సీరియల్ ఆయుష్షు. అంకె బాగున్నంతకాలం కథ ముగియడానికి వీల్లేదు, అంకె పడిపోతే బతకడానికి వీల్లేదు. ఇక్కడ కథ సరుకు, కాలం ఆ సరుకును కొలిచే గజం. కథ లోపలి అవసరం ముగింపును నిర్ణయించని చోట ముగింపుకు శిల్పం ఎలా వస్తుంది?

2022లో జరిగింది దీనికి మంచి నిదర్శనం. ఆ ఏడాది దీప, కార్తీక్‌లను ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, పెద్దవాళ్లైన పిల్లలు శౌర్య, హిమలతో కథ నడిపారు. ప్రేక్షకులు ఆ మరణాన్ని ఒప్పుకోలేదు. అదే ఏడాది ఇద్దరూ బతికి తిరిగివచ్చారు. నవ్వుకునేముందు చరిత్ర ఒకసారి చూడాలి. 1893 డిసెంబరులో కానన్ డాయల్ తన షెర్లాక్ హోమ్స్‌ను స్విట్జర్లాండులోని జలపాతం దగ్గర చంపేశాడు. చారిత్రక నవలలు రాసుకోవడానికి తీరిక కావాలని ఆయన కోరిక. పాఠకులు ఒప్పుకోలేదు. 1901లో, మరణానికి ముందు జరిగినట్టుగా, హోమ్స్‌తో ఒక నవల మొదలుపెట్టాడు. 1903లో హోమ్స్ అసలు చావనేలేదని రాయవలసి వచ్చింది.

రెండు చోట్లా అభిమానులే గెలిచారని అనిపిస్తుంది. కానీ ఆ గెలుపు స్వభావం ఏమిటి? అభిమాని దుఃఖం అంకెగా మారినప్పుడు మాత్రమే యజమానికి వినబడింది. మీటరు లేని ఇంట్లో ఎంత ఏడ్చినా ఆ ఏడుపు లెక్కలోకి రాదు. కొనేవారిగా మనకున్న బలం పాత్రను బతికించగలదు. ఆ బతికిన పాత్ర ఎలా బతకాలో చెప్పే బలం మాత్రం మనకు ఇవ్వరు.

3

అసలు నష్టం ఇక్కడే ఉంది. ఉత్తర రామాయణంలో మరోసారి శీలాన్ని నిరూపించుకోమన్నప్పుడు సీత నిరూపించుకుని తిరిగి రాలేదు, భూమిలోకి వెళ్లిపోయింది. మన సాహిత్యంలో అంతకంటే గొప్ప వీడ్కోలు లేదు. వినేవాళ్లు ఏడ్చారు, కానీ కథ మోసం చేసిందని అనలేదు. ఆ వెళ్లిపోవడంలో ‘ఇక చాలు’ అన్న నిరాకరణ ఉంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ కథలు ఆ నిరాకరణకు ఆధునిక అర్థం వెతికాయి.

దీపకు ఆ మాట అనే అవకాశం సీరియల్ నిర్మాణంలోనే లేదు. ఆమె ‘ఇక చాలు’ అన్న రోజున సీరియల్ ఆగిపోతుంది. అందుకని అపరాధాన్ని భర్త అనుమానంలో కాక మోనిత కుట్రలో పెట్టారు. కుట్ర బయటపడితే చాలు, అనుమానం దానంతటదే కడుక్కుపోతుంది. భార్యను రుజువు అడిగే హక్కు భర్తకు ఎవరిచ్చారన్న ప్రశ్న వందల భాగాల కింద పూడుకుపోయింది. అన్నేళ్లు ఏడిపించినోడితో మళ్ల సంసారం ఎట్ల జేస్తది అన్న మాట అరుగుల మీద వినబడుతూనే వచ్చింది. అది ప్రేక్షకుల నోట పుట్టిన విమర్శ. తెరమీద రాని ముగింపును వాళ్లే కల్పించుకున్నారు. వీడ్కోలు చెప్పడమంటే అదే: ప్రేమించిన కథలో ఏది ఉంచుకోవాలో, ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడం.

దీనికి పక్కన ‘అమృతం’ను పెట్టి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ హాస్య సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీలో ఆదివారాలు వచ్చింది. అమృతం పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. ప్రేక్షకులకు అది అడ్డం కాలేదు. ఏ వారం కథ ఆ వారం ముగిసేది, ఎవరికీ బాకీ మిగిలేది కాదు. కాబట్టి ఆ వీడ్కోలు తేలిగ్గా జరిగింది. గట్టి వీడ్కోలు 2018లో వచ్చింది, ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు మరణించినప్పుడు. ఆ రోజు జనం తలుచుకున్నది నటుణ్ణి మాత్రమే కాదు, తమ ఆదివారాల్ని కూడా. బాకీ లేని కథకు కృతజ్ఞతతో వీడ్కోలు చెబుతాం. బాకీ ఉన్న కథకు ప్రశ్నతో చెబుతాం.

4

2024 మార్చిలో ‘కార్తీకదీపం’ పేరుతోనే, అదే జంటతో, దీప, కార్తీక్ అన్న పేర్లతోనే మరో కథ మొదలైంది. ముగిసి పద్నాలుగు నెలలే. వీడ్కోలు పలికిన అభిమానుల ప్రేమను కూడా మార్కెట్ పెట్టుబడిగా వాడుకోగలదని దీనివల్ల తెలుస్తోంది. పేరు తిరిగి వచ్చింది, ముఖాలు తిరిగి వచ్చాయి. మొదటి దీప అడగవలసిన ప్రశ్న మాత్రం అడగకుండానే మిగిలింది.

రచయితలు, సాహిత్య విద్యార్థులు ఇందులోంచి గ్రహించవలసినవి రెండున్నాయి. ఒకటి, ముగింపు రచయిత ఇష్టం మాత్రమే కాదు, పాఠకుల కాలానికి చెల్లించవలసిన బాకీ. అయిదు పేజీల కథకైనా అది వర్తిస్తుంది. మన అభ్యుదయ కథల్లో కూడా చివరి పేరాలో ఒక నినాదం అతికించి పాఠకుణ్ణి బయటికి పంపిన సందర్భాలు తక్కువేం కాదు. రెండు, పని చేసుకు బతికే స్త్రీని నాయికగా జనం అయిదేళ్లు గుండెల్లో పెట్టుకున్నారు. మన కథలకు పాఠకులు లేరని బాధపడేముందు, ఆ ప్రేమ ఎక్కడుందో అక్కడికి మనం వెళ్లామా అని చూసుకోవాలి. వంటలక్క ‘ఇక చాలు’ అని గరిటె కింద పెట్టే కథ ఇంకా ఎవరో ఒకరు రాయవలసే ఉంది. దాన్ని చదవడానికి కావలసిన మనుషులు ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు.